పసుపు పూసిన పుట్ట

మా ఆయన పుట్టి బుద్ధెరిగాక తన అన్నకు 'వద్దు' అని చెప్పిన పాపాన పోలేదు. అన్న చొక్కా కొనిస్తే, అది భుజాలు జారిపోయేంత వదులుగా ఉన్నా వేసుకుని ఊరంతా తిరిగారు. అన్న హోటల్లో రెండో దోసె చెబితే కడుపు పట్టుకుని తిన్నారు. అన్న ఒక సంబంధం తెస్తే మారు మాట్లాడకుండా తాళి కట్టారు. ఆ పిల్ల నేనే కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను. ఇంట్లో ఎవరికైనా ఈ గుణం ముద్దుగానే ఉంటుంది, పొదల్ని పీకేయడానికి జేసీబీ వచ్చేదాకా.

మా తోట బాగేపల్లి తాలూకాలో, మిట్టేమరికి అవతల ఉంది. మామిడి, చింత, వానలకు చెనిక్కాయ, కంది, బోరు నీళ్ళున్న చోట టమాటా. అందరికీ ఉన్నవే మాకూ ఉన్నాయి. అందరికీ లేనిది ఒకటుంది. రోడ్డుకు ఆనుకుని, గుట్ట దిగే చోట, ఎకరాకు కాస్త పైన ఒక పెద్ద పొద. పేరుకు పొద అంటాం గానీ అది ఒక చిన్న అడవి. ఏనుగంత బండలు, వాటి సందుల్లో సీతాఫలాలు, కలివి, బలుసు, పరిగి కంప, బందారు. మధ్యలో ఎప్పుడో పిడుగుపడి ఎండిపోయిన చింతచెట్టు ఒకటి. మా మామ ఉన్నంతకాలం అది మేకలకు మేత, పొయ్యికి పుల్లలు, ఊరివాళ్ళకు కంచె వేసుకోవడానికి ముళ్ళకొమ్మలు. మామ పోయాక పొలం అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా వచ్చింది. బావకు చిక్కబళ్ళాపురంలో పైపులు, మోటార్ల అంగడి ఉంది. పొలం పని మాది. ఆ పొద ఎవరికీ అక్కరలేదు కాబట్టి నాకు వచ్చింది.

నేను సాదలి ఊరి పిల్లను. పట్టుపురుగుల ఇంట్లో పుట్టాను. పురుగులు మేస్తున్న రోజుల్లో మా అమ్మ ఇంటి గడపలో కాపలా కూర్చునేది. చేనికి మందు కొట్టి వచ్చినవాడు ఎంతటి బంధువైనా లోపలికి రానిచ్చేది కాదు. ఆ బట్టల వాసనకే పురుగులు తలలు ఎత్తేసి చచ్చిపోతాయి. ఒకసారి మా మేనమామనే వీధిలో నిలబెట్టి, బిందెడు నీళ్ళు పోయించి, మా నాన్న పంచె కట్టించి లోపలికి పిలిచింది. అందువల్ల నాకు చిన్నప్పటి నుంచీ మందు వాసన అంటే మంట. అత్తగారింటికి వచ్చాక చూస్తే తోటలో ఏ మూలకు పోయినా ఏదో ఒక మందు వాసనే. ఆ పొద దగ్గర మాత్రం బందారు ఆకు వాసన, కలివి పూల వాసన వచ్చేవి. కొత్త కోడలికి ఊపిరి పీల్చుకోవడానికి ఒక చోటు కావాలి కదా. నాకు అదే చోటు.

ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళకు ఒక సుఖం ఉంది. ఎవరినీ సలహా అడగనక్కర్లేదు. ఎండాకాలంలో గడ్డికి నిప్పు పెట్టే అలవాటు ఆపించాను. మేకల్ని మరో దిక్కుకు తోలించాను. కౌజు పిట్టల కోసం కంపలో ఉచ్చులు పెట్టేవాళ్ళుండేవారు. ఆ ఉచ్చుల్ని తెంపి వాళ్ళ ఇంటి ముందరే పడేసి వచ్చాను. వాళ్ళలో ఒకాయన నన్ను చూసినప్పుడల్లా ఇప్పటికీ దారి మార్చుకుంటాడు. పశువుల కొట్టంలో మూలపడి ఉన్న రాతి తొట్టిని దొర్లించి తెచ్చి బండ నీడలో పెట్టించి, డ్రిప్పు పైపు చివర ఒకటి దానిలోకి తిప్పాను. పొద అంచున ఒక వరస సజ్జ చల్లి, కంకి కోయకుండా వదిలేశాను. ఎండిన చింతచెట్టును కొట్టేస్తానని ఎవరొచ్చినా పంపేశాను. దాని తొర్రల్లో చిలకలు కాపురం పెట్టాయి. పెట్టాక మనం ఖాళీ చేయమనడం ఏం బాగుంటుంది.

మెల్లమెల్లగా ఒక్కొక్కటే వచ్చాయి. ముంగిసలు, చెవులపిల్లులు, పొద్దు వాలుతుంటే తొట్టి దగ్గరికి వచ్చే నెమళ్ళు. ఈ నెమళ్ళు విత్తనం వేసిన చెనిక్కాయను గుంట గుంటకూ వెతికి తినేవి. వాటిని కూడా తిట్టాను, నా దగ్గర పక్షపాతం లేదు. పొద మొదట్లోనే నా నడుమెత్తు పుట్ట ఒకటుంది. అందులో ఒక ఉడుము చేరింది. మధ్యాహ్నం పూట బండ మీద బోర్లా పడుకుని, మనిషి అలికిడైతే పుట్టలోకి జారిపోయేది. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి కౌజులు. బూడిదరంగు ఒళ్ళు, గుండ్రటి పొట్ట, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు ఆ పరుగు. తెల్లారగానే పొదలోంచి ఒకటి పిలుస్తుంది, గుట్ట మీది నుంచి ఇంకొకటి జవాబిస్తుంది. ఆ పిలుపు చెవిన పడితే తప్ప నాకు పొద్దు మొదలైనట్టుండదు. కాఫీ కూడా ఆ తర్వాతే.

ఊళ్ళోవాళ్ళు మా పొదకు 'ఆయమ్మ జూ' అని పేరు పెట్టారు. టిక్కెట్టు ఎంత అని అడిగేవాళ్ళు. కందిలో పురుగు తగ్గిందని, పిట్టలే తింటున్నాయని మా ఆయన ఒకరిద్దరికి చెప్పి చూశారు. నిజంగా తగ్గిందో, ఆయన నా పక్షాన ఒక మాట వేశారో నాకు తెలియదు. అడగలేదు కూడా. అలాంటివి అడిగితే పోతాయి.

ఇలా ఉండగా ఒక ఆదివారం బావ కారు దిగి, డిక్కీలోంచి కొలత టేపు తీశారు.

బావ చెడ్డమనిషి అని ఎవరైనా అనుకుంటారేమో, ముందే చెబుతున్నాను, కాదు. నా కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రి వరండాలో నేల మీద పడుకున్నది ఆయనే. కాకపోతే ఆయనకు ఖాళీగా ఉన్న చోటు కనిపిస్తే చేతులు ఊరికే ఉండవు. ఆ పొద ఉన్న చోట గులాబీల పాలీహౌస్ వేద్దామని వచ్చారు. రోడ్డు పక్కనే కాబట్టి బండి నేరుగా వచ్చి పూలు ఎత్తుకుని చిక్కబళ్ళాపురం మార్కెట్టుకు పోతుంది. తోటగారికె ఇలాఖెలో, అంటే తోటల శాఖలో, అర్జీ కూడా ఇచ్చేశారట. చెనిక్కాయ పీకడం అయిపోగానే జేసీబీ పంపిస్తానన్నారు. మా ఆయన టేపు రెండో కొస పట్టుకుని, తల ఊపుతూ, కంపలో పంచె చింపుకుంటూ అన్న చెప్పిన చోటల్లా నిలబడ్డారు.

నేను ఊరుకోలేదు. ఇక్కడ ఏమేం ఉన్నాయో, ఎన్నాళ్ళకు వచ్చాయో చెప్పాను. గులాబీకి ఎంత మందు కొట్టాలో కూడా చెప్పాను. బావ ఓపిగ్గా విన్నారు.

"ముండ్లకంపకు ఇంత బాధ ఏలమ్మా? ముండ్లే కావాలంటే రోజాలకూ ఉంటాయి కదా" అన్నారు నవ్వుతూ.

నవ్వుతూ అన్నవాళ్ళతో గొడవ పెట్టుకోవడం కష్టం. అందుకని ఆ గొడవ ఇంటికి తెచ్చి మా ఆయనతో పెట్టుకున్నాను. భూమిలో సగం మీది, మీరు ఒక్కమాట వద్దంటే ఆగిపోతుంది, చెప్పండి అన్నాను. చెప్తాలే అన్నారు. అన్నకు ఫోన్ చేసినప్పుడల్లా నేను పక్కనే నిలబడేదాన్ని. ఎరువుల గురించి, పెళ్ళిళ్ళ గురించి, బాగేపల్లిలో కొత్తగా పెట్టిన బిరియానీ హోటలు గురించి మాట్లాడి పెట్టేసేవారు. మా అత్త వక్కాకు నములుతూ ఇదంతా చూసేది. చెనిక్కాయ పీకడం మొదలైంది. నాకు అన్నం సహించేది కాదు. కౌజులు గుడ్లు పెట్టే కాలం ఒకటి ఉంటుంది, పిల్లల్ని వెంటేసుకుని తిరిగే కాలం ఒకటి ఉంటుంది. బావకు ఉండేది చెనిక్కాయ అయ్యాక వచ్చే కాలం ఒకటే.

జేసీబీ వస్తుందన్న పొద్దున నేను కొంగు బిగించి ముందుగానే వెళ్ళాను. దానికి అడ్డంగా కూర్చోవాలని నా ఉద్దేశం. అంతకు మించి నా దగ్గర ఆలోచన లేదు. వెళ్ళి చూస్తే పొద మొదట్లో పుట్టకు నిండా పసుపు పూసి ఉంది. కుంకుమ బొట్లు, గన్నేరు పూలు, ముందర ఒక మట్టి ప్రమిదలో ఇంకా ఆరని దీపం. నేను పెట్టలేదు. మా ఊళ్ళో నాగులచవితికి పాలు పోసే పుట్ట వేరే ఉంది, చెరువు కట్ట కింద. దీని జోలికి ఎప్పుడూ ఎవరూ రాలేదు. నేను నోరు తెరుచుకుని నిలబడి ఉండగానే వెనక జేసీబీ చప్పుడు, దాని వెనక బావ కారు వచ్చి ఆగాయి.

డ్రైవరు చింతామణి మనిషి. కిందికి దిగి, రెండడుగులు వేసి, పుట్టను చూసి చెప్పులు విడిచేశాడు.

"బేడప్పా, వద్దు, నేను దీన్ని ముట్టను. నాకు పిల్లలుండారు" అన్నాడు.

బావ కూడా చెప్పులు విడిచారు. ఎవరు పూజ పెట్టారని అడిగారు. నేను నిజంగానే తెలియదన్నాను. మా ఆయన గుట్ట వైపు చూస్తూ నిలబడ్డారు. ఇరుకున పడినప్పుడల్లా ఆయనకు గుట్ట మీద ఏదో కనిపిస్తుంది. బావ పుట్టకు దండం పెట్టుకుని, తప్పయింది నాగప్పా అని చెంపలేసుకుని, డ్రైవరును వెనక్కి పంపేశారు. రోజాల మాట ఇంక ఎత్తనన్నారు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తున్నప్పుడు చూశాను. మా ఆయన గోళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆయన జన్మలో వంటింట్లో అడుగు పెట్టిన మనిషి కాదు. నేను గోళ్ళవైపు చూశాను, ఆయన నావైపు చూశారు, ఇద్దరం అత్త వైపు చూశాం. అత్త ముద్దలో పప్పు కలుపుకుంటోంది. ఆ రోజు పెరట్లోకి వెళ్ళి నేను నవ్విన నవ్వుకు గేదె బెదిరింది. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి నా కోసం తెల్లారకముందే లేచి, దీపం వత్తి కూడా తనే చేసుకుని, ఇంత పని చేశాడంటే నాకు ఆయన మీద ప్రేమ పొంగిపోయింది. నెయ్యి ఇంకో గరిటె వేశాను.

ఆ నెయ్యి అరగకముందే మొదలైంది.

మొదట కలుపుతీతకు వచ్చేవాళ్ళు పోతూ పోతూ పుట్టకు దండం పెట్టుకున్నారు. బాగానే ఉంది అనుకున్నాను. తర్వాత పక్క ఊరి నుంచి ఒకామె తప్పిపోయిన ఆవు దొరకాలని మొక్కుకుంది. ఆవు దొరికింది. దొరక్క ఏమవుతుంది, అది వాళ్ళ వదిన గారి పొలంలో మేస్తోంది. అయినా ఆమె కుండెడు పాలు తెచ్చి పోసింది, పదిమందికి చెప్పింది. ఆ పదిమందిలో ఒకరికి పుట్టలోకి జారిపోయే తోక కనిపించింది. ఆ తోక ఎవరిదో నాకు తెలుసు. చెప్పేదెట్లా? ఆ వారం నుంచి మంగళవారం, శుక్రవారం జనం. ఆటోలు, టెంపోలు. నువ్వుల చిమిలి, బియ్యప్పిండి తంబిట్టు, కొబ్బరి చిప్పలు, పాల ప్యాకెట్ల కవర్లు, అగరబత్తి డబ్బాలు. దారి ఇరుకుగా ఉందని కలివి పొదలు కొట్టేశారు. నిలబడటానికి చోటు లేదని బలుసు కొట్టేశారు. ఎండుగడ్డి పక్కనే కర్పూరం వెలిగించారు. పిట్టల కోసం పెట్టిన రాతి తొట్టిలో కాళ్ళు కడుక్కున్నారు.

నా కోపానికి తాళం పడింది. ఉచ్చులు పెట్టినవాణ్ణి తిట్టొచ్చు, మేకల్ని తోలినవాణ్ణి తిట్టొచ్చు. దేవుడికి పాలు పోయడానికి వచ్చిన ముసలామెను ఏమని తిట్టాలి? గోనెసంచీ పట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ కవర్లు ఏరుకునేదాన్ని. నా భక్తిని చూసి వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఒకామె నా కాళ్ళకు కూడా దండం పెట్టబోయింది. చెవులపిల్లులు ముందే వెళ్ళిపోయాయి. నెమళ్ళు గుట్ట అవతలికి మారాయి. కౌజు పిలుపు కొన్నాళ్ళు దూరం నుంచి వినిపించింది. తర్వాత అదీ లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడేదాన్ని, కాఫీ చల్లారిపోయేది. జేసీబీ ఒక పూటలో చేసే పనిని మా భక్తులు కాస్త నిదానంగా, పాటలు పాడుకుంటూ చేస్తున్నారు, అంతే తేడా. ఏడుపొచ్చేది. మా ఆయన నా మొహంలోకి చూడటం మానేశారు.

ఇంత జరుగుతుంటే బావ ఊరుకుంటారా? ఒకరోజు ట్రాక్టరుతో ఇసుక, కంకర జల్లి, ఇటుకలు దించారు. పొద మొత్తం శుభ్రం చేయించి, పుట్ట చుట్టూ సిమెంటు కట్ట కట్టించి, పైన రేకుల షెడ్డు వేయిస్తారట. జనం కూర్చోవడానికి నీడ ఉండాలట. రోజాల ఆశ పెట్టుకున్నందుకు అది ఆయన చేసుకునే ప్రాయశ్చిత్తమట. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మా ఆయన తల ఊపారు.

జేసీబీ మళ్ళీ వస్తుందనగా ముందురోజు సాయంత్రం నేను మా ఆయన్ని వాకిట్లో నిలబెట్టి తేల్చి అడిగాను.

"అన్నకు మీరు చెప్తారా, నేను చెప్పేదా?"

చెబితే రోజాలు వస్తాయి, చెప్పకపోతే సిమెంటు వస్తుంది, ఎట్లయినా పొద పోతుంది అన్నారాయన. ఊరందరి ముందు దేవుడి పేరు మీద ఆడిన అబద్ధం ఒప్పుకుంటే ఇంక తల ఎత్తుకుని తిరిగేది ఎలా అని కూడా అన్నారు. అది నిజమే. అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తున్న అత్త అప్పుడు నోరు తెరిచింది.

"నా పసుపు డబ్బీ ఆ పొద్దు ఎత్తకపోయి యాడ పెట్టినావురా? ఇంగా దొరకలే."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. డబ్బీ మోటారు గదిలో ఉందని చెప్పి, తనే వెళ్ళి తెచ్చి అమ్మ ముందు పెట్టారు. అత్త మూత తీసి చూసి, పూర్తిగా ఖాళీ చేశావే అని, మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

పొద్దున జనం బాగానే చేరారు. జేసీబీ తొట్టికి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి తెచ్చాడు ఆ చింతామణి డ్రైవరు. అదే బండి, అదే మనిషి. ఈసారి భక్తితో వచ్చాడు, కాబట్టి భయం లేదు. అయ్యవారు ఏవో మంత్రాలు చదివారు. బావ కొత్త పంచె కట్టుకున్నారు. కొబ్బరికాయ తమ్ముడి చేతికిచ్చి, కొట్టమన్నారు. మా ఆయన కాయ పట్టుకుని నిలబడ్డారు. గుట్ట వైపు చూశారు. నేను మనసులో దేవుడికి, కౌజులకు, అందరికీ మొక్కుకున్నాను. ఆయన చూపు తిప్పి అన్న వైపు చూశారు.

"అన్నా, ఈ పసుపు నేనే పూసినా."

బావకు అర్థం కాలేదు. పుణ్యం చేశావు అన్నట్టు తల ఊపారు.

"అట్ల కాదు. నాకు నాగప్ప కనపడలే, కలా రాలే. నువ్వు జేసీబీ తెస్తాండావని పూసినా. ఈ పొద తీసేది నాకు ఇష్టం లేదు. రోజాలకూ వద్దు, కట్టకూ వద్దు."

జేసీబీ ఇంజను ఒక్కటే మోగుతోంది. డ్రైవరు దాన్ని కూడా ఆపేశాడు. బావ మొహం నేను ఎప్పటికీ మరిచిపోను. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. చిన్నపిల్లాణ్ణి సంతలో వదిలేసి వెళ్తే ఎలా ఉంటాడో అలా ఉన్నారు. జనంలో గుసగుసలు లేచాయి. అయ్యవారు చేతిలోని పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు. అప్పుడు ఆవు దొరికినామె ముందుకొచ్చి, పసుపు ఎవరు పూస్తే ఏముంది, నా ఆవు వచ్చింది నిజం కదా అంది. అవునవును అన్నారు నలుగురు. నాకు మతి పోయింది. మనిషి పరువు పణంగా పెట్టి నిజం చెబితే, దేవుడు మాత్రం కదలనంటున్నాడు.

బండ మీద కూర్చున్న అత్త కర్ర ఆనించి లేచింది. మా ఊళ్ళో ఆమె కంటే పెద్దవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళకు చెవులు వినపడవు. అందుకని అత్త మాట్లాడితే అందరూ వింటారు.

"పుట్టలో ఉండే ఆయన ఇల్లు పుట్ట ఒకటేనా అమ్మా? ఎండకు ఆ పొద కావల్ల, ఆకలికి ఆ పొదలో ఎలుక కావల్ల. అవన్నీ పెరికేసి సిమెంటు మీద కూర్చోమంటే కూర్చుంటాడా? చవితికి రాండి, చెప్పులు లేకుండా వచ్చి పాలు పోసుకోని పోండి. మిగిలిన దినాలు ఆయన్ని ఆయన పాటికి ఉండనీండి."

ఇంటి యజమాని ఇంట్లో ఉండగా ఇల్లు పీకడం తప్పే కదా అని ఆడవాళ్ళలోనే ఒకామె అంది. మోకాలు నొప్పులవాళ్ళు చవితికి ఒకసారి వస్తే చాలన్నందుకు సంతోషించారని నాకు అనుమానం. జనం చెదిరారు. డ్రైవరు నిమ్మకాయలు విప్పుకున్నాడు. ఆ పుట్టలో ఉన్నది ఉడుమని అత్తకు తెలుసా అని నేను తర్వాత అడిగాను. ఎవరుంటే ఏం, ఇల్లు ఇల్లే కదా అంది.

బావ మాత్రం కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు.

బయటివాళ్ళకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. మా ఇళ్ళలో మనిషి వచ్చి కాఫీ తాగకుండా వెళ్ళాడంటే బంధం తెగేదాకా వచ్చిందని అర్థం. నేను గ్లాసు పట్టుకుని కారు దాకా పరిగెత్తాను. వద్దమ్మా అని అద్దం ఎత్తేశారు. మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. పొద మిగిలింది, అన్న పోయాడు. నా కోసం, నా పిట్టల కోసం ఆయన పోగొట్టుకున్నది చూస్తుంటే నాకు పొద వైపు వెళ్ళాలంటే కూడా సిగ్గేసింది. రోజూ సాయంత్రం వచ్చే ఫోను రాలేదు. ఈయన చేయలేదు. ఎరువుల గురించి మాట్లాడటానికి ఇంట్లో ఎవరూ లేక నాతోనే మాట్లాడేవారు.

వానలు పడ్డాయి. కొట్టేసిన కలివి మొదళ్ళు చిగురేశాయి. కలివి మొండిది, నాలాగే. జనం తొక్కిన దారిలో తంగేడు మొలిచింది. తొట్టిని సున్నం వేసి రుద్ది మళ్ళీ నీళ్ళు తిప్పాను. చవితికి ఆడవాళ్ళు అత్త చెప్పినట్టే వచ్చారు. అత్త దారి మొదట్లో పీట వేసుకుని కూర్చుని, పాలు చెంబులోకి పోయించి, కవరు అక్కడే లాక్కుంది. గుడిలో టిక్కెట్టు ఇచ్చేవాళ్ళకు కూడా అంత దర్పం ఉండదు. నేను నవ్వుకున్నాను, చాలా రోజుల తర్వాత. ఆ తర్వాత కొన్ని వారాలకు, పొద్దున వాకిలి ఊడుస్తుంటే పొదలోంచి పిలుపు వినిపించింది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గుట్ట మీది నుంచి జవాబు కూడా వచ్చింది.

ఇంకా కొన్నాళ్ళకు బావ వచ్చారు. చెప్పకుండా వచ్చారు. ఇంటికి రాకుండా నేరుగా పొద దగ్గర కారు ఆపి, బండ మీద కూర్చున్నారు. ఇసుక, జల్లి అలాగే పడి ఉన్నాయి, ఇసుకలో కౌజులు పొర్లాడిన గుంటలు ఉన్నాయి. సంగతి తెలిసి మా ఆయన వెళ్ళారు. నేను కాఫీ కలుపుకుని వెనకాలే వెళ్ళాను. ఈసారి తాగకపోతే ఆ గ్లాసు నెత్తిన పోద్దామన్నంత పట్టుదలతో వెళ్ళాను.

అన్నదమ్ములిద్దరూ చెరో దిక్కు చూస్తున్నారు. బావే మొదలుపెట్టారు.

"నేను టేపు పట్టుకోని వచ్చిన పొద్దే వద్దని చెప్పింటే పోయేది కదప్పా. నేనేమన్నా పులినా?"

బాధపడతావేమోనని చెప్పలేదని గొణిగారు మా ఆయన.

"పడతా. ఒక పూట పడతా, మళ్ళీ వచ్చి కాఫీ తాగుతా. నాకు వద్దని చెప్పేదానికంటే దేవుని దగ్గర అబద్ధం ఆడేది నీకు సులభంగా ఉండాదే, అది సూడు, ఆ బాధ నాకు ఇంగా పోలేదు."

మా ఆయన తల దించుకున్నారు. నేనూ దించుకున్నాను. ఇన్నేళ్ళూ అన్న మాటకు తలాడించడం అన్నంటే గౌరవం అనుకున్నాం మేమంతా. ఆ గౌరవం ఆయన్ని తమ్ముడికి ఎంత దూరం చేసిందో మాకు ఎవరికీ తట్టలేదు. బావ కాఫీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. గ్లాసు పట్టుకునే పొద వైపు చూసి, ఎండిన చింతచెట్టు చూపించారు.

"ఆ చెట్టు ఊరికే నిలబడుండాది. కోయిస్తే మీ ఇంటికి కొత్త తలుపులకు వస్తాది. కోయించేదా?"

ఆయన అడిగింది చెట్టు గురించి కాదని నాకు అప్పుడే తెలిసింది. తొర్రలోంచి ఒక చిలక తల బయట పెట్టి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది. మా ఆయన అలవాటు కొద్దీ గుట్ట వైపు చూడబోయారు. సగంలో ఆగారు.

"వద్దన్నా" అన్నారు.

గట్టిగానే అన్నారు. బావ సరే అన్నట్టు తల ఊపి, కాఫీ చివరిదాకా తాగి, ఇంకో సగం గ్లాసు ఉందా అమ్మా అని నన్ను అడిగారు.